వడ్ల కాంటా దగ్గర మెదడు శాస్త్రం: నా అనుభవం

నేను నల్లగొండ జిల్లాలో, సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఒక మండలంలో మహిళా సంఘాలతో పని చేస్తాను. పొదుపులు, బ్యాంకు రుణాలు, వసూళ్లు ఏడాది పొడవునా ఉండే పనులే. వానాకాలం, యాసంగి కోతలు మొదలయ్యాయంటే మాత్రం అవన్నీ పక్కకు పోతాయి. సంఘాల మహిళలు నడిపే ధాన్యం కొనుగోలు కేంద్రాలే మా లోకం అవుతాయి. ఒక్కో కేంద్రానికి ఒక ఇన్‌ఛార్జి, ఆమెకు తోడు కొందరు సభ్యులు. తేమ చూడాలి, తాలు (గింజ లేని పొల్లు) చూడాలి, సంచులు లెక్కపెట్టాలి, కాంటా దగ్గర నిలబడాలి, ట్యాబ్‌లో రైతు వివరాలు ఎక్కించాలి, లారీ కోసం ఫోన్లు చేయాలి, మిల్లు నుంచి వచ్చే మాటలు పడాలి. ఇంత బాధ్యత మోసే మనిషికి మేం ఇస్తూ వచ్చిన శిక్షణంతా రిజిస్టర్ల గురించే. మనుషుల్ని ఎలా నడిపించాలి, భయపడ్డవాళ్లతో ఎలా మాట్లాడాలి అన్నదానికి ఒక్క పూట కూడా ఉండేది కాదు.

ఆ లోటు నన్ను చాలాకాలంగా బాధపెడుతూ వచ్చింది. మెదడు శాస్త్రం ఆధారంగా నాయకత్వం, కోచింగ్ నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఉందని తెలియగానే సొంత డబ్బు కట్టి చేరాను. ఎదుటి మనిషి సమస్యకు మనం జవాబు చెప్పకుండా, ఆమే ఆలోచించి జవాబు కనుక్కునేలా ప్రశ్నలు వేస్తూ పక్కన ఉండడమే ఈ కోచింగ్. తరగతులు సాయంత్రాలు ఉండేవి. మధ్యలో జంటలుగా సాధన చేయాలి. అంతర్జాతీయ కోచింగ్ ఫెడరేషన్ మొదటి స్థాయి గుర్తింపు కోరుకునేవారికి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం, 10 గంటల మెంటార్ పర్యవేక్షణ ఉండాలి. ఎదుటివారి అనుమతితో రికార్డు చేసిన సంభాషణను మెంటార్ విని, ఎక్కడ ప్రశ్న వేశాం, ఎక్కడ ప్రశ్న ముసుగులో సలహా ఇచ్చాం అని వాక్యం వాక్యం పట్టుకుని చెబుతారు. నాకు సాధనలో జంటగా దొరికింది నారాయణపేటలో చేనేత చీరల బృందాన్ని చూసుకునే ఒక అక్క. ఆమె మగ్గాల కష్టాలు, నా వడ్ల కష్టాలు ఫోన్‌లో ఒకరివొకరం విన్నాం. మొత్తం కోర్సులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చినవి ఆ ఫోన్ సంభాషణలే.

పాఠాల్లో నన్ను పట్టి కుదిపింది యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎమీ ఆర్న్‌స్టెన్ పరిశోధన. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం మన ఆలోచనకు, నిగ్రహానికి ఆధారం. నాలుగు విషయాలు మనసులో పట్టి ఉంచుకోవడం, రెండు దారులు తూచి చూడడం, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం దాని మీద ఆధారపడ్డ పనులు. కొద్దిపాటి అప్రమత్తత ఉన్నప్పుడు నార్అడ్రినలిన్, డోపమైన్ అనే మెదడు రసాయనాలు తగు మోతాదులో అంది ఆ భాగం బాగా పని చేస్తుంది. ఒత్తిడి పెరిగి, అది మన చేతిలో లేదనిపించినప్పుడు ఆ రసాయనాలే మోతాదు మించి అక్కడి నాడీకణాల మధ్య సంబంధాలను బలహీనం చేస్తాయి. అప్పుడు ప్రమాదానికి, భయానికి స్పందించే అమిగ్డాలా అనే భాగం, అలవాటుగా చేసే పనులను నడిపే వలయాలు పగ్గాలు అందుకుంటాయి. ఒత్తిడికీ పనితీరుకూ ఇలాంటి సంబంధం ఉందని, కొంతవరకు మేలు చేసి ఆపైన చెరుస్తుందని, 1908లోనే యెర్క్స్, డాడ్సన్ ఎలుకల మీద ప్రయోగాలతో చూపించారు. ఆర్న్‌స్టెన్ బృందం చేసింది దాని వెనక కణాల స్థాయిలో జరిగేది తేల్చడం.

ఇందులో నాకు కీలకంగా తోచింది ‘మన చేతిలో లేదనిపించడం’ అన్న భాగం. పని ఎక్కువైనా అది మన అదుపులో ఉందనుకుంటే మెదడు మెరుగ్గా తట్టుకుంటుంది. అదుపు తప్పిందనిపిస్తే తేలికపాటి ఒత్తిడికే ఆలోచన తడబడవచ్చు. కొనుగోలు కేంద్రంలో ఏముంటుందో ఒకసారి చూడండి. లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. సంచులు ఎన్నొస్తాయో తెలియదు. మబ్బు పడుతుంది, వాన వస్తుందో రాదో తెలియదు. మిల్లులో దించుకుంటారో వెనక్కి పంపుతారో తెలియదు. ఒక్కటీ ఇన్‌ఛార్జి చేతిలో లేదు. తిట్లు మాత్రం ఆమెకే. అలాంటి మనిషికి ఫోన్ చేసి, “అక్కా, రిజిస్టర్ పూర్తి చేయండి, ట్యాబ్ ఎంట్రీలు ఆగిపోయాయి, పట్టాలు సరిచూసుకోండి, హమాలీలతో మాట్లాడండి, రేపు అధికారులు వస్తారు” అని ఊపిరి తీసుకోకుండా చెప్పడం, నేలకు తడి పెట్టకుండా ఎరువు చల్లడమే. మనిషి మనసులో ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేవి ఏడు అంశాలు అటూ ఇటూగా అని 1956లో జార్జ్ మిల్లర్ అన్నారు. 2001లో నెల్సన్ కోవాన్ ఆ సంఖ్యను దాదాపు నాలుగుకు దించారు. అది కూడా ప్రశాంతంగా ఉన్న మనిషి సంగతి. ఇది చదివాక మా మండలంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. కాంటా నడిచే వేళ ఇన్‌ఛార్జికి ఫోన్ చేస్తే ఒక్క విషయమే చెప్పాలి. మిగతావి రాసి పంపాలి.

ఇక నాయకత్వానికి మెదడు శాస్త్రాన్ని జోడించే కోర్సులన్నిటిలో తప్పకుండా వచ్చేది డేవిడ్ రాక్ 2008లో ప్రతిపాదించిన స్కార్ఫ్ నమూనా (ఐదు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలతో కట్టిన పేరు). మనుషుల మధ్య మెదడు ఐదు విషయాల్ని ప్రమాదంగానో లాభంగానో లెక్కగడుతుందని ఆయన వాదం. నలుగురిలో మన స్థానం, ముందు ఏం జరుగుతుందో తెలియడం, మన నిర్ణయం మనం తీసుకోగలగడం, వీళ్లు మనవాళ్లే అన్న నమ్మకం, న్యాయంగా చూస్తున్నారన్న భావన. దీనికి దన్నుగా చూపే ప్రయోగాల్లో ముఖ్యమైనది 2003లో నవోమీ ఐసెన్‌బర్గర్, మాథ్యూ లీబర్‌మన్, కిప్లింగ్ విలియమ్స్ చేసినది. మెదడు స్కానర్‌లో పడుకున్న వ్యక్తి కంప్యూటర్‌లో మరో ఇద్దరితో బంతాట ఆడుతుంటాడు. కాసేపటికి ఆ ఇద్దరూ బంతి అతనికి వేయడం మానేస్తారు. అప్పుడు శారీరకమైన నొప్పిలో చురుకుగా ఉండే ప్రాంతాల్లో ఒకటి, డార్సల్ యాంటీరియర్ సింగ్యులేట్, ఇక్కడా చురుకుగా కనిపించింది.

మా తరగతిలో దీన్ని “అవమానమూ దెబ్బా మెదడుకు ఒకటే” అని చెప్పారు. అది ఒప్పుకోలేను. 2014లో చూంగ్-వాన్ వూ, టోర్ వేగర్ బృందం మరింత సూక్ష్మంగా పరిశీలించి, ఒకే ప్రాంతంలో కనిపించినా నొప్పి తాలూకు నమూనా వేరు, తిరస్కారం తాలూకు నమూనా వేరు అని చూపించింది. అవమానం బాధిస్తుందని చెప్పడానికి నిజానికి స్కానర్ అవసరం లేదు. స్కార్ఫ్‌ను నేను శాస్త్ర సత్యంగా కాక, ఏదీ మరిచిపోకుండా సరిచూసుకునే పట్టికగా వాడాను. అలా వాడితే అది నిజంగా ఉపయోగపడుతుంది.

మొదట పట్టుకున్నది ‘ముందు ఏం జరుగుతుందో తెలియడం’. ఒక కేంద్రంలో కాంటా పక్కన నల్లబోర్డు పెట్టాం. రోజూ సాయంత్రం మరుసటి రోజు కాంటా వేసే రైతుల వరుస రాస్తారు. చేతిలో ఉన్న సంచులు ఎన్ని, లారీ సంగతి ఏమిటి అన్నవి ఆ కిందనే. లారీ గురించి ఏమీ తెలియకపోతే అదే రాస్తారు: “లారీ సమాచారం ఇంకా రాలేదు. సాయంత్రం 5 గంటలకు మళ్లీ రాస్తాం.” ఇలా ఉన్నది ఉన్నట్టు రాయడం కోసం నేను సభ్యులతో గట్టిగా వాదించాను. తెలియదని రాస్తే రైతులు గొడవ చేస్తారని వాళ్ల భయం. నా పట్టుదలకు ఆధారం వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు. పండ్లరసం వస్తుందని సూచన ఇచ్చి, ఆశ పెట్టి, ఇవ్వకపోతే ఆ క్షణంలో డోపమైన్ కణాల స్పందన మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోతుంది. 1997లో పీటర్ దయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి ఆయన రాసిన పత్రం ఈ రంగంలో మైలురాయి. కోతి నుంచి రైతు దాకా నేరుగా గీత గీయలేం, నిజమే. కానీ “సాయంత్రానికి లారీ వచ్చేస్తుంది బాబాయ్” అని ఊరడించి పంపి, అది రాకపోతే మర్నాడు ఆ బాబాయ్ ముఖం ఎలా ఉంటుందో కేంద్రంలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. బోర్డు పెట్టాక లారీలు ఒక్కటి కూడా ఎక్కువ రాలేదు. కాంటా దగ్గరకు వచ్చి అడిగేవాళ్లు మాత్రం బోర్డు దగ్గర ఆగి, చదువుకుని, తమ కుప్ప దగ్గరకు వెళ్లడం మొదలైంది. చదవలేని పెద్దవాళ్లకు పక్కవాళ్లు చదివి చెప్పేవారు. ఇన్‌ఛార్జికి తల ఎత్తి పని చూసుకునే సందు దొరికింది.

న్యాయం సంగతి తేమ దగ్గర తేలుతుంది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనడానికి వీల్లేదు. యంత్రంలో అంకె చూసి సభ్యురాలు నోటితో చెబితే రైతుకు అనుమానం. కుప్పలో మూడు చోట్ల నుంచి గింజలు రైతే తన చేత్తో తీసి ఇవ్వాలని, యంత్రం ముఖం ఆయన వైపు తిప్పి పెట్టాలని నిర్ణయించాం. ఎక్కువ వస్తే మళ్లీ ఎప్పుడు చూస్తామో అక్కడే చెప్పాలి. దీనికి మెదడు శాస్త్రం పేరు ఎందుకని నారాయణపేట అక్క అడిగింది. మంచి ప్రశ్నే. నా సమాధానం ఇదీ: ఇవన్నీ మంచి నిర్వాహకులు ఎప్పుడో కనిపెట్టినవే. వీటిని ‘మర్యాద కోసం చేసే అదనపు పని’ అనుకోకుండా ‘ఆలోచన పని చేయడానికి కావాల్సిన షరతు’ అనుకునే ధైర్యాన్ని శాస్త్రం నాకిచ్చింది. అందుకే హడావిడి ఎక్కువైన రోజున కూడా వాటిని వదలమని సభ్యులకు చెప్పలేదు.

ఒక రోజు సంగతి వివరంగా చెప్పాలి. ఒక మిల్లు దగ్గర మా లారీ ఆగిపోయింది. తాలు ఎక్కువుంది, తూకంలో తరుగు తీస్తేనే దించుకుంటామన్నారు. ఫోన్ స్పీకర్‌లో ఉండగా, చుట్టూ రైతులు వింటుండగా, అవతలి మనిషి ఇన్‌ఛార్జి అక్కను “నీకేం తెలుసని సెంటర్ నడుపుతున్నావమ్మా” అన్నాడు. నేను వెళ్లేసరికి ఆమె ట్యాబ్ ముందు కూర్చుని ఉంది. రోజూ చూడకుండా కొట్టే పాస్‌వర్డ్ ఆమెకు గుర్తు రావడం లేదు. వేళ్లు తెర మీదకు వెళ్లి ఆగిపోతున్నాయి.

“మేడం, నా వల్ల కాదు. రేపటి నుంచి ఇంకెవరినైనా పెట్టుకోండి” అంది.

కాంటా మరొకరికి అప్పగించి వేపచెట్టు కిందికి వెళ్లాం. నీళ్లు తాగింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“లోపల ఎలా ఉందక్కా?” అన్నాను.

“కోపంగా ఉంది.” కొంచెంసేపు ఆగి, “కోపం కాదు చెల్లె. సిగ్గుగా ఉంది. అందరి ముందు అన్నాడు కదా” అంది.

అప్పటిదాకా మేడం అన్న మనిషి చెల్లె అంది. భుజాలు కాస్త కిందికి దిగాయి. భావానికి సరైన పేరు పెట్టినప్పుడు అమిగ్డాలా స్పందన తగ్గుతుందని, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో కుడివైపు కింది భాగం చురుకవుతుందని లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించింది. అది ప్రయోగశాలలో ముఖాల ఫొటోలు చూపించి చేసిన పరీక్ష. వేపచెట్టు కింద ఆ అక్క తలలో సరిగ్గా అదే జరిగిందని నేను చెప్పలేను. నా కళ్లతో చూసింది మాత్రం ఇంతే: “కోపం” అన్నప్పుడు ఆమె బిగుసుకునే ఉంది. “సిగ్గు” అన్నాక ఊపిరి తీసుకుంది.

“ఇందులో మీ చేతిలో ఉన్నది ఏదక్కా?” అని అడిగాను.

“లారీ నా చేతిలో లేదు. మిల్లు నా చేతిలో లేదు.” తర్వాత చాలాసేపు కాలువ కట్ట వైపు చూస్తూ ఉండిపోయింది.

కోచింగ్ నేర్చుకునేవారికి అత్యంత కష్టమైన భాగం ఆ నిశ్శబ్దాన్ని కదపకుండా ఉండడం. నా తలలో అప్పటికే రెండు మూడు సలహాలు సిద్ధంగా ఉన్నాయి. మార్క్ బీమన్, జాన్ కూనియోస్ 2004లో ప్రచురించిన పరిశోధన ఆ క్షణంలో నన్ను ఆపింది. చిక్కుముడికి జవాబు తటాలున తట్టేటప్పుడు, కుడి కణత లోపలి ప్రాంతంలో గామా అనే వేగమైన విద్యుత్ తరంగాలు ఒక్కసారిగా లేస్తాయి. దానికి కొంచెం ముందు, చూపుకు సంబంధించిన వెనక భాగంలో వాటికన్నా నెమ్మదైన ఆల్ఫా తరంగాలు పెరుగుతాయి. బయటి దృశ్యాన్ని మెదడు కాసేపు తగ్గించుకుంటుందని దాని అర్థంగా వాళ్లు చెబుతారు. ఆలోచించే మనిషి ఎక్కడో శూన్యంలోకి చూస్తుంటే ఆమె పనిలో ఉన్నట్టే. అప్పుడు మనం నోరు తెరిస్తే ఆ పని చెడగొట్టినట్టే.

“శాంపిల్ నా చేతిలో ఉంది” అంది చివరికి. “లారీ కదిలే ముందే కిలో వడ్లు సంచిలో కట్టి, రైతుతో, డ్రైవర్‌తో సంతకం పెట్టించి ఒకటి లారీలో, ఒకటి మన దగ్గర పెట్టుకుంటే? అప్పుడు తాలు ఎక్కువుందంటే రెండూ పక్కపక్కన పోసి చూద్దాం రమ్మనవచ్చు.”

నా సలహాల్లో ఈ ఉపాయం లేదు. ఆ తర్వాత చేసింది చిన్న పనే. ఎప్పుడు, ఎవరు అన్నది తేల్చుకున్నాం: లారీకి తాడు కట్టడం మొదలైతే వెంటనే ఫలానా సభ్యురాలు శాంపిల్ తీయాలి. ‘ఇలా జరిగితే అలా చేస్తాను’ అని ముందే ముడివేసుకున్న నిర్ణయం ఉత్త సంకల్పం కన్నా బాగా అమలవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచీ చెబుతున్నారు. మర్నాటి నుంచి శాంపిల్ సంచులు మొదలయ్యాయి. మిల్లుతో పేచీలు పోయాయని అనను. ఫోన్ వచ్చినప్పుడు మాట్లాడడానికి ఆమెకు ఒక ఆధారం చేతిలో ఉంది, ఆ తేడా గొంతులో వినిపించింది. ఆమె పని వదలలేదు.

కోర్సులో నేను వదిలేసినవీ ఉన్నాయి. పాముల మెదడు, జంతువుల మెదడు, మనిషి మెదడు అంటూ మూడు అంతస్తుల బొమ్మ చూపించారు. అది 1960లలో పాల్ మెక్‌లీన్ చెప్పిన సిద్ధాంతం. మెదడు పరిణామాన్ని అధ్యయనం చేసేవారు దాన్ని అంగీకరించరు. ఎడమ మెదడు వాళ్లు, కుడి మెదడు వాళ్లు అన్న విభజన కూడా అంతే. 21 రోజుల్లో అలవాటు స్థిరపడుతుందన్న మాటా వచ్చింది. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో చేసిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. కొనుగోలు సీజన్ నడిచేదే రెండు నెలల అటూ ఇటూ. అంటే మేం పెట్టిన పద్ధతులు కొందరికి అలవాటయ్యేలోపే కేంద్రం మూసేస్తాం. తర్వాతి సీజన్‌లో మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. 21 రోజుల లెక్క నమ్మి ఉంటే ఈ సంగతి పట్టేదే కాదు.

రంగురంగుల మెదడు బొమ్మల విషయంలో ఒక ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చనిపోయిన సాల్మన్ చేపను, మెదడులో ఏ భాగం చురుకుగా ఉందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో పెట్టి దానికి మనుషుల ఫొటోలు చూపించింది. వేల పోలికలు ఒకేసారి చేసేటప్పుడు చేయాల్సిన గణాంక సవరణ చేయకపోతే, చచ్చిన చేప మెదడు కూడా ‘ఆలోచిస్తున్నట్టు’ కనిపించింది. అలాగే, సంబంధం లేని మెదడు కబుర్లు జోడిస్తే చెడ్డ వివరణ కూడా సామాన్యులకు మంచిదిగా అనిపిస్తుందని డీనా వైస్‌బర్గ్ బృందం 2008లో చూపింది. అందుకే కేంద్రంలో అమిగ్డాలా, డోపమైన్ అన్న మాటలు నేను ఎత్తను. ఆ మాటలు తీసేసినా నిలబడే సలహా అయితేనే చెబుతాను.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నీడ లేని చోట, మే నెల ఎండలో, రాత్రి కుప్పల కాపలాతో నిద్ర లేని మనిషిని కూర్చోబెట్టి కోచింగ్ ప్రశ్నలు వేయడం అన్యాయం. నిద్ర చాలనప్పుడు ముందుగా దెబ్బతినే వాటిలో ఆలోచన, నిగ్రహం ఉంటాయి. ఆమెలో లోపం వెతకడానికి కోచింగ్‌ను వాడకూడదు. నేను నేర్చుకున్నదానితో చేసిన అతి ముఖ్యమైన పని ఒక్క ప్రశ్న కూడా లేనిది: కాంటా మీద నీడకు గ్రీన్ నెట్, చల్లని నీళ్లు, ఇన్‌ఛార్జికి మధ్యాహ్నం ఒక గంట వేరొకరు కూర్చునే ఏర్పాటు. వీటికోసం సమావేశాల్లో పట్టుబట్టి అడిగాను. అన్ని కేంద్రాల్లో జరగలేదు. జరిగిన చోట సాయంత్రం లెక్కలు సరిపోలని రోజులు తగ్గాయని సభ్యులే చెప్పారు. లారీల కొరత, గిడ్డంగుల కొరత మాత్రం ఏ ప్రశ్నతోనూ తీరవు. అవి పైనుంచి తీరాల్సినవి.

వానాకాలం కోతలకు ముందు జరిగే శిక్షణలో ఒక పూట దీనికి కేటాయించమని అడిగాను, ఒప్పుకున్నారు. బోర్డు రాయడం, శాంపిల్ సంచులు కట్టడం గురించి ఆ ఇన్‌ఛార్జి అక్కే చెబుతుంది. మొదటి ప్రశ్న వేసి మౌనంగా ఉండడాన్ని జంటలుగా సాధన చేయిస్తాను.

ఇలాంటి కోర్సు చేయాలనుకుని నన్ను అడిగే తోటి ఉద్యోగులకు చెప్పేది ఇది. చేరే ముందు ఒక్క తరగతి వినండి. ఏదైనా మెదడు విషయం చెప్పినప్పుడు అది ఏ ప్రయోగం, ఎవరు చేశారు, తర్వాత ఎవరైనా కాదన్నారా అని అడగండి. విసుక్కోకుండా చెప్పేవారైతే డబ్బు కట్టండి. తెలుగులో సాధన చేసుకోనిస్తారో లేదో కనుక్కోండి, ఎందుకంటే మన మనుషులతో మాట్లాడాల్సింది తెలుగులోనే. మెంటార్ గంటలు ఫీజులో కలిసి ఉన్నాయో, విడిగా కట్టాలో ముందే రాతలో తీసుకోండి. నేను విడిగానే కట్టాను, ఆ డబ్బుకు ఫలితం దక్కింది.